విశ్వవిద్యాలయ గ్రంథాలయ సిబ్బందికి తెలిసినది సంస్థకు మిగలాలంటే: సమగ్ర మార్గదర్శి

గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ నంబరు (చేరిక క్రమసంఖ్య) వేస్తాం, కాల్ నంబరు (అరలో చోటు చెప్పే సంఖ్య) రాస్తాం, ఏ అరలో ఉందో కంప్యూటర్లో ఎక్కిస్తాం. ఆ పుస్తకాన్ని వెతికి తెచ్చే మనిషికి తెలిసిన సంగతులను మాత్రం ఏ రిజిస్టరులోనూ రాయం. స్టాక్ రూములో పాత కోలన్ వర్గీకరణ (విషయాన్ని బట్టి నంబర్లిచ్చే ఒక పద్ధతి) పుస్తకాలు ఏ వరుస నుంచి మొదలవుతాయి, ఫలానా దాత ఇచ్చిన పుస్తకాలను విడదీయకూడదని ఎందుకు అనుకున్నారు, ఏ పత్రిక ఏ ఏడాది సంపుటాలు బైండింగుకు వెళ్లి తిరిగి రాలేదు, ఇవన్నీ ఇద్దరు ముగ్గురికి మాత్రమే తెలుసు. వారు పదవీ విరమణ చేసిన మర్నాటి నుంచే వారి ఇంటికి ఫోన్లు మొదలవుతాయి.

నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయిన విశ్వవిద్యాలయాల్లో ఇది మరీ తీవ్రం. ఒకే కాలంలో చేరినవారు దాదాపు ఒకేసారి రిటైరవుతారు. వారి పనిని ఔట్‌సోర్సింగ్ సిబ్బంది అందుకుంటారు. కాంట్రాక్టు మారితే వారూ ఉండరు.

నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అనే పెద్ద పేరుతో చెప్పేది ఈ సమస్య గురించే. దీనికి 2018లో ఐఎస్ఓ 30401 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. పదిహేను మంది పనిచేసే గ్రంథాలయం ఆ ప్రమాణంతో మొదలుపెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేరుతో అసలే మొదలుపెట్టకూడదు. ఈ మార్గదర్శి అంతా ఒక్క పద్ధతి మీద నడుస్తుంది: తెలిసినవారు చెప్పాలి, తెలియనివారు రాయాలి. ‘మీకు తెలిసింది రాసి ఇవ్వండి’ అని సీనియర్లకు సర్క్యులర్ పంపిస్తే మొక్కుబడి కాగితాలు వస్తాయి. బాగా తెలిసినవారికి తమకు ఏమేమి తెలుసో కనబడదు. అది కనబడేది పక్కన నిలబడి అయోమయంగా చూసే కొత్త మనిషికే.

1. ఎవరు ఎవరిని అడుగుతున్నారో రాసి చూడండి

సర్క్యులేషన్ కౌంటరు, రిఫరెన్సు, పీరియాడికల్స్, టెక్నికల్ సెక్షన్, డిజిటల్ విభాగం, ఒక్కోచోట ఒక్కో నోటు పుస్తకం పెట్టండి. రెండు వారాల పాటు సిబ్బందిలో ఒకరు మరొకరిని పని గురించి ఏది అడిగినా ఒక వరుస రాయాలి. ఏమి అడిగారు, ఎవరిని అడిగారు, జవాబు దొరికిందా అన్న మూడు గడులు చాలు. పాఠకుల ప్రశ్నలు ఇందులోకి రావు. సిబ్బంది తమలో తాము అడిగేవే కావాలి.

సెలవుల్లో ఈ పని పెట్టుకోకండి. నో డ్యూ సర్టిఫికెట్ల కోసం విద్యార్థులు క్యూ కట్టే రోజులు మంచివి, అసలు ప్రశ్నలు అప్పుడే బయటికి వస్తాయి. పోగొట్టిన పుస్తకం బదులు కొత్త ముద్రణ తెచ్చిస్తే తీసుకోవచ్చా? ముద్రణలో లేని పుస్తకానికి వెల ఎలా కట్టాలి? స్కాలర్ చనిపోతే ఆయన పేరున ఉన్న పుస్తకాల సంగతి ఏమిటి? వీటికి నిబంధనల పుస్తకంలో జవాబు ఉండదు. లోగడ ఎప్పుడో ఎవరో ఒక నిర్ణయం తీసుకుని ఉంటారు, అది ఒకరికి గుర్తుంటుంది.

ఎక్కువ ప్రశ్నలు అడిగినవారికి పని రాదని ఒక్కరు అన్నా ఆ నోటు పుస్తకాలు మర్నాటి నుంచి ఖాళీగానే ఉంటాయి. కాబట్టి అడిగినవారి పేరు రాయవద్దని ముందే చెప్పండి.

రెండు వారాల తర్వాత పేజీలు తిరగేస్తే ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది. లైబ్రేరియన్ గదికి వెళ్లిన ప్రశ్నల కన్నా స్టాక్ రూము అటెండరు దగ్గరికి వెళ్లినవే ఎక్కువని తేలితే ఆశ్చర్యపోకండి. హోదాల పట్టిక ఒకటి, పని నడిచే దారి మరొకటి.

2. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి

పేర్ల జాబితా చేతికి వచ్చాక ఒక్కో పేరు ఎదురుగా రెండు విషయాలు రాయండి. ఆ మనిషి ఎప్పటివరకు ఉంటారు? వారికి తెలిసినది మరోచోట దొరుకుతుందా? మొదటిదానికి జవాబు పరిపాలన విభాగంలోనే ఉంటుంది, రిటైర్మెంటు తేదీలు రహస్యాలు కావు. ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కాంట్రాక్టు గడువు కూడా అక్కడే తెలుస్తుంది. త్వరలో వెళ్లిపోయేవారు, తమకు తప్ప మరెవరికీ తెలియని పని చేసేవారు జాబితాలో పైకి రావాలి. ఆర్డరు కాపీల్లోనో ఫైళ్లలోనో దొరికే సమాచారాన్ని తర్వాత చూసుకోవచ్చు. తీసుకున్న జాబితాలో మొదటి ముగ్గురితో ఆగండి. అందరితో ఒకేసారి మొదలుపెడితే ఎవరితోనూ పూర్తి కాదు.

3. కూర్చోబెట్టి అడగకండి, వెంట నడవండి

గదిలో కూర్చోబెట్టి ‘మీ అనుభవం చెప్పండి’ అంటే ముప్పై ఏళ్లు పనిచేసినవారు కూడా ‘ఏముందమ్మా, అంతా మామూలే’ అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, వారికి అది నిజంగానే మామూలు. అందుకని వారు పనిచేసే చోటికి మీరు వెళ్లండి. కొత్తగా చేరిన అసిస్టెంటు ఒకరు, స్టాక్ రూము అటెండరు ఒకరు అల్మరాల మధ్య నడుస్తున్నారనుకోండి. మాటలు ఇలా సాగుతాయి (కోలన్‌లాగే డ్యూయీ కూడా ఒక వర్గీకరణ పద్ధతి):

“ఈ వరుసలో నంబర్లు వేరేగా ఉన్నాయేమిటండీ?”

“అవి పాత కోలన్ నంబర్లమ్మా. డ్యూయీకి మార్చినప్పుడు తెలుగు, చరిత్ర వరకే పూర్తయింది. మిగతావి ఆగిపోయాయి.”

“కేటలాగులో మాత్రం వీటికి డ్యూయీ నంబరే చూపిస్తోంది కదా?”

“కంప్యూటర్లో మార్చారు, పుస్తకం వీపు మీద చీటీ మార్చలేదు. అందుకే పిల్లలు వచ్చి దొరకలేదని వెళ్లిపోతారు. నాకు చెబితే నేను తెచ్చిస్తాను.”

‘నాకు చెబితే నేను తెచ్చిస్తాను’ అన్నచోట ఆగండి. మీకు కావలసిన నోటు అక్కడే ఉంది. ఆయన ఉన్నంతవరకు ఆ లోపం ఎవరికీ కనబడలేదు, ఆయన దాన్ని రోజూ కాళ్లతో పూడుస్తూ వచ్చారు. ఏ వరుస నుంచి ఏ వరుస దాకా పాత చీటీలు ఉన్నాయి, పాత నంబరుకూ కొత్త నంబరుకూ పొంతన చెప్పే కార్డు కేటలాగు ఇంకా ఉందా, ఉంటే ఏ గదిలో ఉంది అని అప్పటికప్పుడే అడగండి. ‘సాధారణంగా ఎలా చేస్తారు?’ అంటే సాధారణమైన జవాబే వస్తుంది. ‘క్రితం సారి ఇది ఎప్పుడు చెడింది, అప్పుడేం చేశారు?’ అని అడిగితే కథ వస్తుంది. కొత్తవారు మొదటిరోజు ఏ తప్పు చేస్తారని అడగండి. దేని మీద చెయ్యి వేయకూడదు, వాన పడితే ఏ కిటికీ కింద పుస్తకాలు ముందు తీయాలి, కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేస్తారు, ఇలాంటి ప్రశ్నలకు జవాబులు చకచకా వస్తాయి.

ఫోనులో రికార్డు చేస్తే అనుమతి అడిగి చేయండి, నోటు రాశాక తీసివేస్తామని చెప్పి నిజంగానే తీసివేయండి. మాటల్లో తోటి ఉద్యోగుల ప్రస్తావనలు, పాత తగాదాలు రావడం సహజం. వాటిని వినండి, రాయకండి.

విన్నది ఆ రోజే రాయాలి. రాసింది చెప్పినవారికి చదివి వినిపించాలి. కంప్యూటరు అలవాటు లేనివారైతే ప్రింటు తీసి ఇవ్వండి, వారు పెన్నుతో కొట్టివేసి సరిచేసే మాటలే నోటులో విలువైనవి. ‘రెండో అరలో’ అని మీరు రాస్తే ‘పై నుంచి కాదమ్మా, కింది నుంచి రెండోది’ అని ఆయన దిద్దుతారు.

దాతలు ఇచ్చిన పుస్తకాల గురించి ఈ నడకలోనే తప్పకుండా అడగండి. మన విశ్వవిద్యాలయాల్లో రిటైరైన ఆచార్యుల కుటుంబాలు సొంత గ్రంథాలయాలను ఇచ్చివేయడం తరచుగా జరిగేదే. పుస్తకాలు విడదీయకూడదనో, పేరు బోర్డు ఉండాలనో, రాతప్రతులు జిరాక్సు చేయకూడదనో అప్పట్లో నోటిమాటగా షరతులు ఒప్పుకుని ఉంటారు. ఫైలులో ఒక కృతజ్ఞతా లేఖ తప్ప ఏమీ ఉండదు. ఆ షరతులు తెలిసిన చివరి మనిషి వెళ్లిపోతే ఆ పుస్తకాలను ఎవరో డూప్లికేట్లని పక్కన పెడతారు, అల్లుడో మనవడో వచ్చి అడిగినరోజు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. గ్రంథాలయ రికార్డులను కంప్యూటర్లో రాసే ప్రామాణిక పద్ధతి అయిన మార్క్ 21 ఫార్మాట్‌లో పుస్తకం ఎలా వచ్చిందో రాయడానికి 541, చేతులు మారిన చరిత్రకు 561 ఫీల్డులు ఉన్నాయి. షరతులను ఆ రికార్డుల్లోనే ఎక్కించండి.

రాతకు లొంగని పనులూ ఉన్నాయి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ లాంటి చోట్ల తాళపత్రాలు ఉంటాయి. ఆకుకు నిమ్మగడ్డి నూనె ఎంత పూయాలి, ఏ ఆకు తుడిస్తే చిట్లుతుంది అన్నది వేళ్లకు తెలియాలే తప్ప కాగితానికి తెలియదు. అలాంటివాటికి చేతులు దగ్గరగా కనబడేలా వీడియో తీసి, ఒక జూనియరును కొన్ని నెలలు పక్కన డ్యూటీ వేయడమే మార్గం. వీడియో ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు.

4. ఒక ప్రశ్నకు ఒక పేజీ

యాభై పేజీల ‘ఆపరేషన్ మాన్యువల్’ ఎవరూ తెరవరు. నోటు శీర్షిక కౌంటరులో మనిషి అడిగే ప్రశ్నలాగే ఉండాలి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల గురించిన నోటుకు ‘డిజిటల్ సిద్ధాంత గ్రంథాల నిర్వహణ విధానం’ అని పేరు పెడితే వెతికేవారికి దొరకదు. ఒక నోటు పూర్తిగా ఎలా ఉండాలో చూపుతాను.

*తెలుగు సిద్ధాంత గ్రంథం పీడీఎఫ్‌లో ఏ పదం వెతికినా దొరకడం లేదు. ఏం చేయాలి?*

*ముందు ఇది చూడండి:* పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది అను ఫాంట్ల వంటి పాత ఫాంట్లతో, యూనికోడ్ కాకుండా టైపు చేసింది. అసలేమీ కాపీ కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ.

*చేయవలసింది:* శీర్షిక, పరిశోధకుల పేరు, పర్యవేక్షకుల పేరు, కీలక పదాలు యూనికోడ్ తెలుగులో చేత్తో టైపు చేయండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేయవద్దు. అధ్యాయాల పేర్లు కూడా టైపు చేస్తే పాఠకులకు మేలు. పరిశోధకులు అందుబాటులో ఉంటే మూల ఫైలు అడగండి. కన్వర్టరుతో మార్చిన పాఠంలో వత్తులు, ‘క్ష’, ‘ఱ’, అంకెలు ఒకసారి కళ్లతో చూడండి.

*చేయకూడనిది:* ఆమోదం పొందిన పీడీఎఫ్‌ను తీసివేసి మార్చిన ఫైలును దాని స్థానంలో పెట్టకూడదు.

*తేలకపోతే:* డిజిటల్ విభాగం ఇన్‌చార్జిని అడగండి.

*చెప్పినవారు, రాసినవారు, సరిచూసిన తేదీ, మళ్లీ చూడవలసిన తేదీ.*

ఇంతే. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని యూజీసీ 2009 నిబంధనలు చెప్పినప్పటి నుంచి శోధ్‌గంగకు (సిద్ధాంత గ్రంథాల జాతీయ డిజిటల్ భాండాగారానికి) ఎక్కించే పని విశ్వవిద్యాలయాల్లో నడుస్తోంది, ఈ సమస్య తెలుగు శాఖ ఉన్న ప్రతిచోటా ఎదురవుతుంది. అయినా ఒక్కో గ్రంథాలయం ఒక్కోసారి కొత్తగా కనిపెట్టుకుంటోంది.

‘తేలకపోతే’ దగ్గర మనిషి పేరు కాకుండా పదవి రాయండి. పేరు ‘చెప్పినవారు’ దగ్గర ఉండాలి. ఎందుకో కింద చెబుతాను.

5. ఎక్కడ పెట్టాలి

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకోవచ్చు. మొదటి సూత్రం: పని ఎక్కడ జరుగుతుందో నోటు అక్కడే ఉండాలి. ఒక ప్రత్యేకమైన ప్రతి గురించిన సంగతిని వికీలో (అందరూ కలిసి రాసి దిద్దుకునే వెబ్ పేజీల్లో) రాయకండి, ఆ ప్రతి రికార్డులోనే రాయండి. కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరులో ప్రతి ఐటెమ్‌కు 952 ఫీల్డు కింద సిబ్బందికి మాత్రమే కనబడే నోటుకు ‘ఎక్స్’ సబ్‌ఫీల్డ్, పాఠకులకు కనబడే నోటుకు ‘జెడ్’ సబ్‌ఫీల్డ్ ఉన్నాయి. ‘పాత కోలన్ చీటీ, పడమటి గోడ వరుస’ అని ఎక్స్‌లో రాస్తే కౌంటరులో ఎవరున్నా పుస్తకం దొరుకుతుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ (విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే జాతీయ కేంద్రం) వారి సోల్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరు వాడేవారు తమ రికార్డుల్లో ఇలాంటి అంతర్గత గమనికకు ఏ ఫీల్డు వాడాలో ఒకసారి నిర్ణయించి అందరూ దానికే కట్టుబడాలి. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మారేటప్పుడు ముందు గల్లంతయ్యేవి ఈ గమనికలే. ఏ ఫీల్డు దేనిలోకి వెళ్లిందో చెప్పే పట్టికను మార్పు చేసిన ఏజెన్సీ దగ్గర వదిలేయకుండా అడిగి తీసుకోండి.

ఏ ఒక్క పుస్తకానికీ చెందని పని పద్ధతులకు వికీ కావాలి. డోకువికీ అనే వికీ సాఫ్ట్‌వేరుకు డేటాబేస్ అక్కర్లేదు, మామూలు టెక్స్ట్ ఫైళ్లతో నడుస్తుంది, విశ్వవిద్యాలయ సర్వరులో ఒక మూలన పెట్టుకోవచ్చు. అది కుదరకపోతే సంస్థ ఈమెయిల్ ఖాతా కింద ఒక షేర్డ్ ఫోల్డరు చాలు. సొంత జీమెయిల్ ఖాతాలో మాత్రం వద్దు. మనిషి వెళితే ఫోల్డరూ వెళుతుంది, ఇంత శ్రమా ఎందుకు పడ్డట్టు?

కౌంటరులో కంప్యూటరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అందుకే ఎక్కువగా వాడే పది పదిహేను నోట్ల ప్రింట్లు ఒక ఫైలులో అక్కడే పెట్టండి. ఆధునికం కాదని ఎవరైనా అంటే అననివ్వండి.

6. కేటలాగింగ్ నిర్ణయాల చిట్టా

అన్ని విభాగాల్లోకీ ఈ పని ఎక్కువ ఫలితం ఇచ్చేది టెక్నికల్ సెక్షన్‌లో. అక్కడ రోజూ చిన్న చిన్న తీర్పులు జరుగుతుంటాయి, ఎవరూ రాసిపెట్టరు, ఐదేళ్ల తర్వాత ఒకే రచయిత మూడు చోట్ల తేలతాడు.

బెంగాలీ నవలకు తెలుగు అనువాదం వచ్చిందనుకోండి. డ్యూయీ పద్ధతి ప్రకారం సాహిత్యాన్ని మూలభాష కింద వేయాలి, అంటే 891.44. పాఠకులేమో తెలుగు నవలల అర దగ్గర, 894.8273లో వెతుకుతారు. ఏది చేసినా తప్పు లేదు. ఒకరు అలా, మరొకరు ఇలా చేయడమే తప్పు. చిట్టాలో ఇలా రాయాలి: ఏమి నిర్ణయించాం, ఎప్పటి నుంచి, ఎందుకు, అంతకుముందు చేసినవాటిని మారుస్తామా లేదా. ఆ చివరి ముక్క రాయకపోతే కొత్తగా వచ్చినవారు పాత పుస్తకాలు చూసి అదే పద్ధతి అనుకుంటారు. ‘ఎందుకు’ రాయకపోతే రెండేళ్లకొకసారి అదే చర్చ మళ్లీ మొదలవుతుంది.

పేర్ల విషయం మరీ చిక్కు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని ఒకరు పొడి అక్షరాలతో, మరొకరు పూర్తిగా రాస్తారు, కలం పేరు వేరే. శ్రీశ్రీ పుస్తకాలు ఆ పేరుతోనే అడుగుతారు, శ్రీరంగం శ్రీనివాసరావు అని ఉన్న రికార్డులు వారికి కనబడకపోతే ఆ పుస్తకాలు లేనట్టే. ఒక రచయిత పేరు రూపాలన్నిటినీ కలిపే అథారిటీ రికార్డులో 100 ఫీల్డులో ఒక రూపం, 400 ఫీల్డుల్లో మిగతా రూపాలన్నీ పెట్టడం అందరికీ తెలిసిన పద్ధతే. ఏ రూపాన్ని 100లో పెట్టాలో నిర్ణయించింది ఎవరు, దేన్ని చూసి అన్నదే రాసి ఉండదు. ‘శ్రీనివాసరావు’, ‘శ్రీనివాస రావు’ కంప్యూటరుకు ఒకటి కాకపోవచ్చు. ‘రాజ్‌కుమార్’ అన్న పేరులో పొల్లును విడిగా నిలపడానికి టైపు చేసే కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. సెర్చ్ అమరికను బట్టి అది ఉన్న పేరూ లేని పేరూ వేర్వేరుగా లెక్కకు రావచ్చు. డేటా ఎంట్రీ చేసేవారు ఏ కీబోర్డు వాడుతున్నారన్నది కూడా చిట్టాలోకి ఎక్కవలసిన సంగతే.

ఈ చిట్టాకు వికీలో ఒకే పేజీ చాలు, కొత్తది పైన. వారానికి రెండు మూడు వరుసలు పడితే బాగా నడుస్తున్నట్టు.

7. ఎలక్ట్రానిక్ వనరులు, తాళంచెవులు

పరిశోధన పత్రికలకు దేశమంతటికీ ఒకే చందా కట్టే కేంద్ర పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి 1 నుంచి మొదలయ్యాక ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల పత్రికలు ఇన్‌ఫ్లిబ్‌నెట్ సమన్వయంతో అందుతున్నాయి. దాంతో పాత చందాల్లో ఏవి ఆపేశాం, ఏవి విడిగా కొనసాగిస్తున్నాం, ఆపేసినవాటి పాత సంచికలు మనకు శాశ్వతంగా చూడవచ్చా లేదా అన్న ప్రశ్నలు వచ్చాయి. ఆ చర్చలన్నీ ఒకరి ఈమెయిల్ పెట్టెలోనే జరుగుతాయి. ఒక్కో వనరుకు ఒక్కో పేజీ పెట్టి చందా తేదీలు, నమోదు చేసిన ఐపీ చిరునామాల పరిధి, క్యాంపస్ బయటి నుంచి చూసే మార్గం, వెండరు ప్రతినిధి, పనిచేయకపోతే మొదట చూడవలసింది రాయండి. క్యాంపస్ నెట్‌వర్కులో ఐపీలు మార్చి గ్రంథాలయానికి చెప్పడం మరిచిపోవడం కొత్తేమీ కాదు కాబట్టి ‘మొదట చూడవలసింది’ చాలాసార్లు అదే అవుతుంది.

శోధ్‌గంగ సమన్వయకర్త ఖాతా, కోహా అడ్మిన్, ఇన్‌ఫెడ్ (క్యాంపస్ బయటి నుంచి లాగిన్ అయ్యే ఏర్పాటు), డొమైన్ వంటివాటిని పదవి పేరుతో ఉన్న ఈమెయిల్‌కు మార్పించండి. పాస్‌వర్డులు వికీలో, కౌంటరు డ్రాయరులో ఉండకూడదు. పాస్‌వర్డు మేనేజరులో పెట్టి ఇద్దరికి అధికారం ఇవ్వండి, ఒక సీలు కవరు లైబ్రేరియన్ బీరువాలో ఉంచండి. పాఠకులు ఏయే పుస్తకాలు తీసుకున్నారో ఉదాహరణ కోసమైనా నోట్లలో రాయవద్దు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా అది మన వృత్తి మర్యాద.

8. వాట్సాప్ గ్రూపు, డ్యూటీ మార్పిడి

ప్రతి గ్రంథాలయానికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మంచి జవాబులన్నీ శుభోదయం బొమ్మల కింద పూడుకుపోతాయి. గ్రూపును ఆపించే ప్రయత్నం చేయకండి, ఎవరూ వినరు. శుక్రవారం మధ్యాహ్నం ఒకరు వారం సందేశాలు చూసి పనికొచ్చే రెండు మూడింటిని నోట్లుగా మార్చాలి. ఈ పని వంతులవారీగా తిరగాలి.

సాయంత్రం షిఫ్టువారికి పగటి సమావేశాలు అందవు. వారి దగ్గరేమో రీడింగ్ హాలు ఉంటుంది, గ్రూప్స్ పరీక్షలకు చదివేవారు సొంత పుస్తకాలతో రావడం, సీట్లకు బ్యాగులు పెట్టి వెళ్లిపోవడం, ల్యాప్‌టాప్ ఛార్జింగు గొడవలు ఉంటాయి. డ్యూటీ మార్పిడి పుస్తకంలో ‘అంతా సవ్యం’ అని రాసే అలవాటు పోవాలంటే దానిలో రెండు గడులు గీయండి: ఈ పూట ఏమి తేలలేదు, ఏ నిర్ణయం సొంతంగా తీసుకున్నారు. రెండో గడి చూసి తిట్టకపోతే చాలు, అది నిండుతుంది.

9. చెప్పడానికి ఎందుకు వెనకాడతారు

‘నేను చెప్పేస్తే ఇక నాతో ఏం పని?’ అన్న భయం ఔట్‌సోర్సింగ్ సిబ్బందిలో ఉంటే దాన్ని తప్పుపట్టలేం. వారికి అది నిజమైన లెక్క. రిటైర్మెంటు దగ్గరపడినవారిలో వేరే బాధ ఉంటుంది: ఇన్నేళ్లూ అడగని మనిషి ఇప్పుడు అడుగుతున్నారని. ఉపన్యాసాలతో ఇవి పోవు. ‘చెప్పినవారు’ అన్న వరుసలో పేరు పూర్తిగా, గౌరవంగా ఉండాలని చెప్పింది ఇందుకే. అటెండరు చెప్పిన సంగతి అసిస్టెంట్ లైబ్రేరియన్ పేరు మీద సదస్సు పత్రంగా వచ్చిందంటే ఆ గ్రంథాలయంలో ఇక ఎవరూ నోరు విప్పరు. ఔట్‌సోర్సింగ్ వారికి వారు రాసిన నోట్ల జాబితాతో అనుభవ ధ్రువపత్రం ఇవ్వండి, తర్వాతి ఉద్యోగానికి పనికొస్తుంది. లైబ్రేరియన్ కూడా తనకు తెలిసినవి, ముఖ్యంగా బడ్జెట్ ఎలా తెప్పిస్తారో, కొనుగోలు ఫైలు ఎక్కడ ఆగితే ఎవరిని కలవాలో చెప్పాలి. పైవారు దాచుకుని కిందివారిని చెప్పమంటే జరగదు.

న్యాక్ (ఉన్నత విద్యాసంస్థలను మూల్యాంకనం చేసే జాతీయ సంస్థ) బృందం వచ్చే ముందు హడావిడిగా వంద నోట్లు తయారుచేయించే ప్రలోభం ఒకటి వస్తుంది, గ్రంథాలయాన్ని కూడా చూస్తారు కదా అని. అలా పుట్టినవాటిని బృందం వెళ్లాక తెరిచేవారు ఉండరు.

10. నోటు పనిచేస్తుందా?

రాసినవారిని, చెప్పినవారిని పక్కన కూర్చోబెట్టండి. ఆ పని ఎప్పుడూ చేయనివారి చేతికి నోటు ఇచ్చి చేయమనండి. పక్కనున్నవారు మాట్లాడకూడదు. ఎక్కడ నోరు తెరవాలనిపించిందో అక్కడ నోటులో ఒక వాక్యం తక్కువైంది. ఈ పరీక్ష పెట్టకుండా ఏ నోటునూ పూర్తయినట్టు లెక్కపెట్టకండి.

నోట్లకు వయసు మీరుతుంది. తప్పుదారి పట్టించే పాత నోటు కన్నా నోటు లేకపోవడమే మేలు. మళ్లీ చూడవలసిన తేదీ దాటినవాటి జాబితాను నెలకొకసారి తీసి ఆ విభాగం ఇన్‌చార్జికి ఇవ్వండి. ఎవరూ పట్టించుకోనివాటిని తీసివేయండి.

స్టాక్ రూముకు సంబంధించినవాటిని సరిచూసే అదను స్టాక్ వెరిఫికేషన్. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని 215వ నియమం ప్రకారం 20,000 సంపుటాల వరకు ఉన్న గ్రంథాలయాల్లో ఏటా పూర్తి తనిఖీ, 50,000 వరకు ఉంటే మూడేళ్లకు ఒకసారైనా తనిఖీ జరగాలి. అంతకు మించితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ చేయాలి. ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన ప్రతి 1,000 సంపుటాలకు ఐదు పోవడాన్ని సహజంగా తీసుకోవచ్చని కూడా ఆ నియమమే చెబుతుంది. తనిఖీలో ఎలాగూ అర అరకూ మనుషులు తిరుగుతారు. ప్రతి జట్టులో ఒక పాతవారు, ఒక కొత్తవారు ఉండేలా చూసి, పుస్తకాల జాబితాతో పాటు ఒక ఖాళీ కాగితం ఇవ్వండి. ‘ఇది ఇక్కడెందుకుంది?’ అని కొత్తవారు అడిగిన ప్రతిసారీ దానిలో ఒక వరుస పడాలి.

రిటైరైనవారికి వెళ్లే ఫోన్లను లెక్కపెట్టండి. ఇంతకన్నా నమ్మదగిన కొలత నాకు తెలియదు. ఫోన్ చేసినవారే, ఏం అడిగారో, ఆ రోజే నోటుగా రాయాలన్న నియమం పెట్టండి. అదే ప్రశ్నకు రెండోసారి ఫోన్ వెళ్లిందంటే నోటు రాయలేదు, లేదా రాసింది దొరకలేదు. రెండిటిలో ఏది జరిగిందో కనుక్కోండి.

ఈ పనంతా ఒకరి ఉత్సాహం మీద నడుస్తుంటే ఆ ఒకరి పేరు కూడా రెండో మెట్టులోని జాబితాలో పెట్టవలసిందే. వికీ అడ్మిన్ హక్కులు ఇంకొకరికి ఇవ్వండి, మూడు నెలలకొకసారి మొత్తం నోట్లను బ్యాకప్ తీసి విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రానికి ఒక ప్రతి పంపండి, ‘ఈ వికీని ఎలా నడపాలి?’ అన్న నోటును కొత్తగా చేరినవారితో రాయించండి.